ఏడుగురి బృందం, మూడు నిమిషాల కట్టడం: తొలినాటి హాట్ జాజ్‌లో రాసినదెంత, అప్పటికప్పుడు పుట్టినదెంత

1920ల నాటి చిన్న జాజ్ బృందాల గురించి ఎక్కడ చదివినా ఒకే మాట ఎదురవుతుంది. ముందు రాసుకున్న కాగితం లేదు, కూర్పు లేదు; ఐదారుగురు ఒకచోట చేరి మనసుకు తోచింది వాయించారు; హాట్ జాజ్‌లోని వేడంతా ఆ స్వేచ్ఛ నుంచే పుట్టింది అంటారు. వినడానికి ఎంతో బాగుండే మాట. కానీ ఆ కాలపు రికార్డులు మాత్రం దీన్ని ఒప్పుకోవు. ఒకే పాటకు మిగిలిన రెండు టేకులు ఒకదాని వెంట ఒకటి వినండి. ఇంకో పాటకు 1924లో కాపీరైటు కోసం పంపిన చేతిరాత ప్రతిని దాని 1926 నాటి రికార్డు పక్కన పెట్టి చూడండి. ఆ బృందాల్లో పనిచేసినవాళ్ళు తర్వాత చెప్పిన సంగతులు చదవండి. అప్పటికప్పుడు పుట్టిందని మనం మురిసిపోయే చోట్లలో చాలావాటిని ముందే ఆలోచించి, సరిచూసి, సాధన చేసి పెట్టుకున్నారని తెలుస్తుంది. అలా తెలిసినందువల్ల ఆ సంగీతం విలువ వీసమెత్తు తగ్గదు. నా దృష్టిలో ఆ కాలపు మేలైన రికార్డుల వేడికి కారణమే ఆ కూర్పు.

ఇది చరిత్రకారులకు మాత్రమే పనికొచ్చే ప్రశ్న కాదు. న్యూ ఆర్లియన్స్‌లో, షికాగోలో, న్యూయార్క్‌లో, ఐరోపా నగరాల్లో నేటికీ చిన్న బృందాలు ఈ బాణీని వాయిస్తున్నాయి. పాత రికార్డును అక్షరం పొల్లుపోకుండా దించాలా, వరసగా తలా ఒక సోలో వాయించి ముగించాలా, తమవైన కొత్త అరేంజ్‌మెంట్లు రాసుకోవాలా అన్నది వాళ్ళు ప్రతి కచేరీకీ తేల్చుకోవలసిన సంగతి. తొలితరం వాళ్ళు ఏం చేశారో సరిగ్గా తెలియకపోతే ఈ ఎంపిక కూడా సరిగ్గా జరగదు.

మొదట బృందం తీరు చూద్దాం. ముందు వరసలో మూడు ఊదే వాయిద్యాలుంటాయి. కార్నెట్ పాట వరసను పట్టుకుని నడుస్తుంది. క్లారినెట్ పై స్థాయిలో సన్నగా అల్లుకుంటూ పోతుంది. ట్రాంబోన్ కింద నుంచి జారుడు స్వరాలతో సందులు నింపుతుంది. వెనక వరసలో పియానో, బాంజో, డ్రమ్స్, ట్యూబా లేదా స్ట్రింగ్ బేస్. మూడు గొంతులు ఒకేసారి మూడు వేర్వేరు సంగతులు పలుకుతున్నా గందరగోళం కాకపోవడానికి కారణం, ఎవరి హద్దులు వారికి తెలియడం. మన కచేరీలు విని పెరిగినవారికి కల్పిత సంగీతం, మనోధర్మ సంగీతం అనే విభజన ఒంటబట్టి ఉంటుంది. హాట్ జాజ్‌లోనూ ఆ రెండూ ఉన్నాయి గానీ, మధ్యలో చాలా పెద్ద మూడో భాగం ఒకటుంది. కాగితం మీద లేకపోయినా అందరి బుర్రల్లోనూ స్థిరపడిపోయినదది. బృందం రిహార్సల్లో నోటిమాటగా కుదుర్చుకుని, రాత్రుల తరబడి వాయించి గట్టిపరుచుకున్న అరేంజ్‌మెంట్ అన్నమాట. మన చర్చ చాలావరకు ఈ మూడో భాగం చుట్టూనే తిరుగుతుంది.

జాజ్ పుట్టినిల్లయిన న్యూ ఆర్లియన్స్‌లో స్వరలిపి చదవగలవాళ్ళకు కొదవ ఉండేది కాదు. క్రియోల్ కుటుంబాల్లో సంగీతం గురుముఖంగా, లిపితో సహా నేర్పేవారు. టియో కుటుంబం దగ్గర క్లారినెట్ నేర్చుకున్నవారి జాబితా తీస్తే తొలినాటి జాజ్ క్లారినెట్ చరిత్రలో సగం వచ్చేస్తుంది. జాన్ రోబిషో నడిపిన డాన్స్ ఆర్కెస్ట్రా అచ్చయిన స్వరప్రతులతోనే వాయించేది. ఆయన దాచుకున్న ఆ ప్రతులు నేడు ట్యులేన్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఇంకోవైపు, చెవితోనే నేర్చి అద్భుతంగా వాయించేవాళ్ళూ ఉన్నారు. ఈ రెండు రకాలవాళ్ళూ ఒకే బృందంలో పక్కపక్కన కూర్చోవడం వల్లనే ఈ బాణీ ఏర్పడింది. దీనికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం 'హై సొసైటీ'. అది 1901 నాటి మార్చ్. అందులో పికలో కోసం రాసిన చురుకైన భాగాన్ని అల్ఫోన్స్ పికో క్లారినెట్ మీదికి తెచ్చుకున్నాడు. అది ఎంత పాకిపోయిందంటే, న్యూ ఆర్లియన్స్‌లో క్లారినెట్ పట్టినవాడు ఆ సోలో తప్పులేకుండా వాయిస్తేనే వాద్యకారుడని ఒప్పుకునేవారు. 1923లో కింగ్ ఆలివర్ బృందం రికార్డులో జానీ డాడ్స్ వాయించింది కూడా దాన్నే. వినేవారికి ఆశువుగా తోచే ఆ సోలో వెనక ఒక అచ్చుకాగితం ఉంది.

మొదటి జాజ్ రికార్డు 1917 ఫిబ్రవరి 26న న్యూయార్క్‌లో విక్టర్ కంపెనీకి ఒరిజినల్ డిక్సీల్యాండ్ జాస్ బ్యాండ్ చేసింది. ఐదుగురు తెల్ల యువకులు. తమకు లిపి చదవడం రాదని నాయకుడు నిక్ లరోకా గర్వంగా చెప్పుకునేవాడు. అయినా వాళ్ళ రికార్డుల్లో కోరస్ (పాట ప్రధాన వరస ఒక పూర్తి చుట్టు) మళ్ళీ వచ్చిన ప్రతిసారీ దాదాపు అదే వస్తుంది. క్లారినెట్ కోడిలా కూసే చోటు, ట్రాంబోన్ ఆవులా అరిచే చోటు ముందే ఖాయం. చదవడం రానంత మాత్రాన ఆశువుగా వాయించినట్టు కాదని ఈ మొదటి రికార్డే చెబుతోంది. చరిత్రలో దీని స్థానం పెద్దదే గానీ మళ్ళీ మళ్ళీ వినాలనిపించే సంగీతం కాదిది. హాస్యపు హంగామా అడుగున లయ బిగుసుకుపోయి ఉంటుంది.

అసలు గొప్పతనం 1923 ఏప్రిల్‌లో వినబడుతుంది. ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్ పట్టణంలో, ఒక పియానో ఫ్యాక్టరీ ఆవరణలో, రైలు పట్టాల పక్కన జెనెట్ స్టూడియో ఉండేది. రైలు పోతుంటే రికార్డింగ్ ఆపవలసి వచ్చేది. మైకులు లేని కాలం. అందరూ ఒక పెద్ద కొమ్ము ముందు నిలబడి వాయించాలి, ఆ ధ్వని మైనపు పలక మీద గీత గీస్తుంది. పెద్ద డ్రమ్ము అదటుకు సూది గంతులేస్తుందని బేబీ డాడ్స్ చేత చెక్క దిమ్మెల మీద వాయింపించారు. బేస్ వాయించే బిల్ జాన్సన్ బాంజో పట్టాడు. కింగ్ ఆలివర్, ఇరవై ఒక్కేళ్ళ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇద్దరూ కార్నెట్లు. జానీ డాడ్స్ క్లారినెట్, ఓనొరే ద్యుత్రే ట్రాంబోన్, పియానో దగ్గర లిల్ హార్డిన్. ఈ ఏడుగురూ అంతకుముందు నెలల తరబడి షికాగోలోని లింకన్ గార్డెన్స్‌లో ప్రతి రాత్రీ కలిసి వాయించినవారు. రికార్డులో వినిపించేది ఆ రాత్రుల ఫలితం.

ఆలివర్, ఆర్మ్‌స్ట్రాంగ్‌ల జంట కార్నెట్ బ్రేకులు షికాగో వాద్యకారులను దిమ్మెరపోయేలా చేశాయి. పాట నడుస్తుండగా బృందమంతా ఒక్కసారి ఆగిపోతుంది. ఆ రెండు బార్ల, అంటే రెండు తాళపు చుట్ల, ఖాళీలో ఇద్దరూ రెండు గొంతుల్లో, ముందే రాసుకున్నట్టు ఒక్క ఊపిరితో ఒక చమత్కారం పలికేసి మళ్ళీ పాటలోకి దూకేస్తారు. ఎలా సాధ్యమో తర్వాత ఆర్మ్‌స్ట్రాంగే చెప్పాడు: రాబోయే బ్రేకులో ఏం వాయించబోతున్నదీ ఆలివర్ కాస్త ముందుగా చాటుగా తెలియజేసేవాడు, తాను క్షణంలో దానికి రెండో గొంతు కట్టుకునేవాడు. ఇందులో కూర్పెంత, ఆశువెంత అని విడదీయబోతే కష్టం. నాయకుడు అప్పుడే రాశాడు, శిష్యుడు అప్పుడే చదివాడు. కాగితం మాత్రం లేదు.

ఆలివర్ 'డిప్పర్ మౌత్ బ్లూస్' సోలో సంగతి ఇంకా స్పష్టం. 1923 ఏప్రిల్‌లో జెనెట్‌కు, అదే జూన్‌లో ఓకే కంపెనీకి ఈ పాట రికార్డు చేశాడు. రెంటిలోనూ ఆ మూడు కోరస్‌ల సోలో దాదాపు ఒకటే. 1925లో ఫ్లెచర్ హెండర్సన్ పెద్ద బృందం అదే పాటను 'షుగర్ ఫుట్ స్టాంప్' పేరుతో డాన్ రెడ్‌మన్ అరేంజ్‌మెంట్‌లో వాయించినప్పుడు, ఆర్మ్‌స్ట్రాంగ్ తన సొంత సోలో వేయకుండా గురువుగారి సోలోనే వాయించాడు. ఆ తర్వాత ఆ పాట ఎవరు వాయించినా ఆ సోలో ఉండవలసిందే. త్యాగరాజ కృతుల్లో కొన్ని సంగతులు ఇలాగే గదా ఏర్పడ్డాయి: ఒకరి మనోధర్మంలో పుట్టి, శిష్యుల నోట నిలిచి, చివరికి కృతిలో భాగమైపోయాయి.

షికాగోలో అదే రోజుల్లో లవీ ఆస్టిన్ అనే మహిళ మోనోగ్రామ్ థియేటర్ సంగీతం చూసుకునేది. తన బ్లూస్ సెరెనేడర్స్ బృందంతో 1924, 1926 మధ్య పారామౌంట్‌కు రికార్డులు చేసింది. ఒక్కోసారి ముగ్గురే: టామీ లాడ్నియర్ కార్నెట్, జిమీ ఒబ్రయంట్ క్లారినెట్, ఆమె పియానో. పాటలు చాలావరకు ఆమెవే. చిన్నప్పుడు పిట్స్‌బర్గ్ థియేటర్‌లో ఆమెను చూసిన మేరీ లూ విలియమ్స్ ఒక దృశ్యం చెప్పేది: కాలు మీద కాలు వేసుకుని, నోట్లో సిగరెట్టుతో, ఎడమ చేత్తో ప్రదర్శనకు పియానో వాయిస్తూ, కుడిచేత్తో తర్వాతి అంకానికి కావలసిన సంగీతం రాసేస్తోందట. ఆ దృశ్యం చూసే తానూ సంగీతంలోకి రావాలనుకున్నానని మేరీ లూ చెప్పింది. జాజ్ చరిత్ర రాసినవాళ్ళు ఆస్టిన్‌కు రెండు మూడు వాక్యాలకు మించి ఇవ్వరు, ఇది నాకు బాధగా ఉంటుంది. గ్లామరంతా సోలోకు కట్టబెట్టిన చరిత్రలో, కూర్చినవాళ్ళకు, అందులోనూ స్త్రీలకు, దక్కిన చోటు అంతే. లిల్ హార్డిన్‌ది కూడా ఇదే కథ. ఆర్మ్‌స్ట్రాంగ్ భార్యగా ఆమెను తలుచుకున్నంతగా 'స్ట్రటిన్ విత్ సమ్ బార్బెక్యూ' కూర్చిన మనిషిగా తలుచుకోరు.

ఇక ఈ ప్రశ్నకు గుండెకాయ జెల్లీ రోల్ మోర్టన్. న్యూ ఆర్లియన్స్ క్రియోల్, అసలు పేరు ఫెర్డినాండ్ లమోత్. 1915లోనే 'జెల్లీ రోల్ బ్లూస్' అచ్చు వేయించాడు. జాజ్‌ను 1902లో తానే కనిపెట్టానని 1938లో పత్రికకెక్కి నలుగురి కోపం తెచ్చుకున్నాడు. ఆ ఒక్క డాంబికం ఆయన మీద వచ్చిన ప్రతి వ్యాసానికీ పతాక శీర్షిక అయింది గానీ, అదే సంవత్సరం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో అలన్ లోమాక్స్ ముందు పియానో దగ్గర కూర్చుని ఆయన విడమరిచి చెప్పిన సంగీత సూత్రాల మీద అంత శ్రద్ధ పెట్టలేదు. బ్రేక్ లేనిదే జాజ్ లేదన్నాడు. అస్తమానం గట్టిగా వాయించడం అజ్ఞానమన్నాడు. మెత్తగా, తీయగా, లయ దండిగా ఉండాలన్నాడు. చిన్న బృందానికి అరేంజ్‌మెంట్ రాసే ఎవరికైనా ఇంతకు మించిన పాఠం అక్కర్లేదు.

1926 సెప్టెంబర్ 15న షికాగోలోని వెబ్‌స్టర్ హోటల్లో, మోర్టన్ తన రెడ్ హాట్ పెప్పర్స్‌తో విక్టర్ కంపెనీకి మొదటిసారి రికార్డు చేశాడు. జార్జ్ మిచెల్ కార్నెట్, కిడ్ ఓరీ ట్రాంబోన్, ఒమర్ సిమియన్ క్లారినెట్, జానీ సెయింట్ సిర్ బాంజో, జాన్ లిండ్సే బేస్, ఆండ్రూ హిలేర్ డ్రమ్స్. అప్పటికి మైకుతో ఎలక్ట్రికల్ రికార్డింగ్ వచ్చింది కాబట్టి బేస్ తీగ కొట్టిన ప్రతి దెబ్బా తెలుస్తుంది. ఆ రోజు చేసిన 'బ్లాక్ బాటమ్ స్టాంప్' ఒక్కటి దగ్గరగా విందాం.

పాట మూడు నిమిషాల చిల్లర. ఎనిమిది బార్ల ఎత్తుగడ. తర్వాత పదహారు బార్ల మొదటి వరస మూడుసార్లు; ఆ మూడూ మూడు రకాలు. ఒకసారి బృందమంతా, ఒకసారి కార్నెట్‌కూ బృందానికీ మధ్య సవాలు జవాబు, ఒకసారి క్లారినెట్. అప్పుడు నాలుగు బార్ల వంతెన మీదుగా శ్రుతి మారుతుంది. రెండో వరస ఇరవై బార్లు, ఏడుసార్లు. సాధారణ బృందమైతే ఏడుసార్లూ ఒకే రంగులో వాయించి విసిగించేది. మోర్టన్ ప్రతిసారీ సరంజామా మారుస్తాడు. మొదట అందరూ కలిసి, మధ్యలో కార్నెట్, ట్రాంబోన్ పంచుకున్న బ్రేక్‌తో. తర్వాత క్లారినెట్. ఆపైన బృందమంతా తప్పుకుని పియానో ఒక్కటే. నాలుగోసారి కార్నెట్, కింద బృందం పూర్తి తాళం వేయకుండా అక్కడక్కడా కత్తిరించినట్టు దెబ్బలు వేసే స్టాప్-టైమ్. ఐదోసారి బాంజో, దాని కింద లిండ్సే బేస్ రెండు దెబ్బల నుంచి నాలుగు దెబ్బలకు మారుతూ పాటను పరుగెత్తిస్తుంది. ఆరోసారి బృందం మళ్ళీ వస్తుంది గానీ ధ్వని తగ్గించి. ఏడోసారి డ్రమ్స్ బలంగా పడతాయి, ఓరీ ట్రాంబోన్ బ్రేక్ ఒకటి గర్జిస్తుంది, రెండు బార్ల ముక్తాయింపుతో ముగింపు. చివరి కోరస్ అంత వేడిగా అనిపించడానికి కారణం ఆరోదాన్ని తగ్గించి ఉంచడమే. ఏడుగురు మనుషులతో, బృందాన్ని ఇన్ని రకాలుగా విడగొట్టి కలిపిన పాట ఆ కాలంలో ఇంకొకటి నేను వినలేదు.

మరి సోలోలు? అవి చాలావరకు వాద్యకారులవే. బృందం మొత్తం వాయించే చోట తనకేం కావాలో మోర్టన్ రాసో చెప్పో ఇచ్చేవాడనీ, సోలోలు మాత్రం తమకే వదిలేవాడనీ సిమియన్ గుర్తుచేసుకున్నాడు. ఆ వారంలోనే, సెప్టెంబర్ 21న, 'డెడ్ మ్యాన్ బ్లూస్' కోసం మోర్టన్ ఇంకో ఇద్దరు క్లారినెట్‌వాళ్ళను పిలిపించాడు. మూడు క్లారినెట్లు ఒకే కదలికలో మెత్తగా పలికే ఆ భాగం రాయకుండా పుట్టే అవకాశమే లేదు. కానీ అది రెండోసారి వచ్చినప్పుడు దాని కింద ఓరీ ట్రాంబోన్ ఒక బ్లూస్ పలుకుతాడు. పైన రాసినది, కింద మనిషి గొంతు. ఓరీకి లిపి చదవడం అంతంతమాత్రం, సిమియన్ బాగా చదవగలిగినవాడు. ఇద్దరికీ సరిపడే బట్ట కుట్టిన దర్జీ మోర్టన్. మిగిలిన టేకులు పోల్చి విన్నా ఇదే తేలుతుంది: కట్టడం కదలదు, సోలోల్లో మాత్రం చిన్న చిన్న మార్పులు దొర్లుతాయి.

ఆర్మ్‌స్ట్రాంగ్ హాట్ ఫైవ్ సంగతికొస్తే, ఇది వేరే దారి అనిపిస్తుంది. 1925 నవంబర్ 12న మొదలైన ఈ రికార్డుల్లో బృందపు కూర్పు పలచన, ఒక్క మనిషి ప్రతిభ ఆకాశమంత. హాట్ ఫైవ్ అచ్చంగా స్టూడియో బృందం, వేదిక మీద కలిసి వాయించింది బహు అరుదు. కాబట్టి ఇక్కడైనా అంతా ఆశువే అనుకోవచ్చా? 'కార్నెట్ చాప్ సూయీ' 1926 ఫిబ్రవరి 26న రికార్డయింది. ఆర్మ్‌స్ట్రాంగ్ స్వహస్తంతో రాసి కాపీరైటుకు పంపిన ప్రతి 1924 జనవరి నాటిది. రికార్డులో మనల్ని నివ్వెరపరిచే చాలా భాగం, స్టాప్-టైమ్ సోలోతో సహా, రెండేళ్ళ ముందే ఆ కాగితం మీద ఉంది. 'బిగ్ బటర్ అండ్ ఎగ్ మ్యాన్' సోలో కూడా సన్‌సెట్ కెఫేలో రాత్రి తర్వాత రాత్రి వాయిస్తూ చెక్కుకున్నదని పరిశోధకులు వాదించారు, ఆ వాదన నాకు బలంగానే కనిపిస్తుంది. ఆయన స్వరలిపి చదవడం నేర్చుకున్నది 1919 తర్వాత, ఫేట్ మారబుల్ నడిపిన నదీ పడవల బృందంలో. 1927లో మెల్‌రోజ్ కంపెనీ ఆయన చేత సిలిండర్ల మీద బ్రేకులూ కోరస్‌లూ వాయింపించి, ఎల్మర్ షోబెల్ చేత స్వరలిపిలోకి ఎక్కించి, రెండు పుస్తకాలుగా అమ్మింది: నూట ఇరవై ఐదు బ్రేకులు, యాభై హాట్ కోరస్‌లు. అప్పటికప్పుడు పుట్టినది అచ్చులోకి వెళ్ళింది, అచ్చులోది ఊరూరా కార్నెట్ పట్టిన కుర్రాళ్ళ వేళ్ళలోకి వెళ్ళింది.

నిజంగా కూర్పు తక్కువ, దూకుడు ఎక్కువ ఉన్న రికార్డులు కావాలంటే 1929లో జాబో స్మిత్ రిథమ్ ఏసెస్ వినాలి. ఆర్మ్‌స్ట్రాంగ్‌కు పోటీగా బ్రన్స్‌విక్ కంపెనీ దింపిన యువకుడు. ఊపిరి బిగబట్టి వినాల్సిన ట్రంపెట్. పక్కన క్లారినెట్ ఎవరంటే మోర్టన్ దగ్గరి సిమియనే. విడివిడిగా ప్రతి పాటా మెరుపు. నాలుగైదు వరసగా వింటే మాత్రం పాటకూ పాటకూ తేడా చెరిగిపోవడం మొదలవుతుంది. కూర్పు లేని లోటు వినేవాడికి తెలిసేది అప్పుడే.

న్యూయార్క్‌లో రెడ్ నికల్స్, మిఫ్ మోల్ 1926 చివర నుంచి ఫైవ్ పెన్నీస్ పేరుతో చేసిన రికార్డులు తెలివైనవి, పొడిబారినవి కూడా. బిక్స్ బైడర్‌బెక్ 1927 ఫిబ్రవరి 4న ఫ్రాంకీ ట్రంబవర్ బృందంతో చేసిన 'సింగిన్ ద బ్లూస్' మాత్రం అజరామరం. లిపి చదవడంలో చివరిదాకా తడబడిన బిక్స్ సోలోను, 1931లో హెండర్సన్ బృందంలో రెక్స్ స్టూవర్ట్ అచ్చం పాఠంలా వాయించాడు. షికాగోలోనే టైనీ పార్హమ్ 1928, 1930 మధ్య విక్టర్‌కు చేసిన రికార్డులు ఈ వ్యాసం చదివినవాళ్ళు తప్పక వెతికి వినాలి. చిన్న బృందం, వయొలిన్, ట్యూబా, దాదాపు అన్నీ సొంత పాటలు, సొంత అరేంజ్‌మెంట్లు. వేగం తక్కువ, వింత రంగులు ఎక్కువ. మోర్టన్ తెరిచిన దారిలో ఆయనంత దూరం నడిచినవాళ్ళు అరుదు.

షికాగో వాద్యకారుల్లో ఒకడు మన దేశంలోనే కన్నుమూశాడు కూడా. 1926లో ఎర్స్‌కిన్ టేట్ థియేటర్ ఆర్కెస్ట్రా చేసిన రెండు రికార్డుల్లో ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కలిసి వాయించిన పియానిస్టు టెడీ వెదర్‌ఫోర్డ్, ఆ ఏడే ఆసియా బాట పట్టి, బొంబాయి తాజ్‌లో, కలకత్తా గ్రాండ్ హోటల్లో బృందాలు నడిపి, 1945లో కలకత్తాలో కలరాతో పోయాడు. ఆయన బృందాల్లో, ఆ చుట్టుపక్కల పనిచేసిన గోవా వాద్యకారులు చర్చి బడుల్లో స్వరలిపి నేర్చినవాళ్ళు. వాళ్ళలో పలువురు తర్వాత బొంబాయి సినిమా పాటల అరేంజర్లయ్యారు. చదువుకూ హాట్ జాజ్‌కూ పడదన్న నమ్మకం మన దగ్గరి అనుభవంలోనూ నిలవదు.

మరి ఈ నమ్మకం ఎక్కడిది? 1930లలో ఐరోపా విమర్శకులు, ముఖ్యంగా ఫ్రాన్స్‌లో ఊగ్ పనాసియే, హాట్ జాజ్‌ను ప్రేమించి పుస్తకాలు రాసినప్పుడు, అరేంజ్‌మెంట్‌ను వ్యాపారానికీ, ఆశువుగా వాయించడాన్ని ఆత్మకూ గుర్తుగా నిలబెట్టారు. తర్వాతి దశకంలో అమెరికన్ అభిమానులు దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళారు. న్యూ ఆర్లియన్స్‌లో వయసు మళ్ళిన వాద్యకారులను వెతికి, కట్టుడు పళ్ళు పెట్టించి, ట్రంపెట్ చేతికిచ్చి బంక్ జాన్సన్‌ను 1942లో రికార్డు చేశారు. చదువు అంటని, కాగితం ముట్టని స్వచ్ఛమైన జాజ్‌కు ఆయన్ను ప్రతినిధిని చేశారు. నల్లవాడి కళ ఆలోచన లేకుండా దానంతటదే పొంగుకొస్తుందన్న పాత చిన్నచూపు ఈ మెచ్చుకోలు అడుగున ఉంది. ఈ మాట నిర్మొహమాటంగానే చెప్పాలి. అదే బంక్ జాన్సన్ 1947 చివర్లో తన ఇష్టం వచ్చిన బృందంతో, ఇష్టం వచ్చిన పాటలు వాయించే అవకాశం దొరికినప్పుడు చేసిందేమిటి? లిపి బాగా చదవగల వాద్యకారులను కూర్చోబెట్టుకుని, న్యూ ఆర్లియన్స్ ఆర్కెస్ట్రాలు వాడిన ఎర్ర అట్ట రాగ్‌టైమ్ సంపుటంలోని అచ్చు అరేంజ్‌మెంట్లు వాయించాడు. ఆయన చివరి రికార్డులవి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో లూ వాటర్స్ ఇంకో దారి పట్టాడు. యెర్బా బ్యూనా జాజ్ బ్యాండ్‌తో ఆలివర్ జంట కార్నెట్లను మళ్ళీ నిలబెట్టి, రికార్డుల నుంచి అరేంజ్‌మెంట్లు దించాడు. అక్కడితో ఆగకుండా 'ఎంపరర్ నార్టన్స్ హంచ్', 'బిగ్ బేర్ స్టాంప్' లాంటి సొంత పాటలు అదే వ్యాకరణంలో రాశాడు. లయ కొంచెం బరువనిపిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ పాత బాణీలో కొత్త పాట రాయవచ్చని 1940లలో చూపించిన ధైర్యం ఆయనది. ఆ తర్వాత దశాబ్దాల పాటు అమెరికాలో, బ్రిటన్‌లో 'డిక్సీల్యాండ్' పేరుతో స్థిరపడిన పద్ధతి మాత్రం చాలాచోట్ల నీరసమే: మొదట అందరూ, తర్వాత తలా ఒక సోలో, చివర మళ్ళీ అందరూ. పాట ఏదైనా అచ్చు ఒకటే.

విమర్శ వైపు నుంచి మలుపు 1968లో గుంథర్ షుల్లర్ 'ఎర్లీ జాజ్' పుస్తకంతో వచ్చింది. రికార్డులను స్వరం స్వరం విప్పి, మోర్టన్‌ను గాథల నుంచి బయటకు లాగి, కూర్పరిగా నిలబెట్టాడు. 1982లో జేమ్స్ డపోగ్నీ మోర్టన్ పియానో రచనలన్నిటినీ సంపాదకత్వం చేసి అచ్చు వేయించాడు. డపోగ్నీ మిషిగన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరే కాక, షికాగో జాజ్ బ్యాండ్ పేరుతో సొంత బృందానికి సొంత అరేంజ్‌మెంట్లు రాసిన పియానిస్టు. 2019లో పోయాడు. పాత పాటను ఆయన తీసుకుంటే ఎక్కడ బ్రేక్ పెట్టాలో, ఎప్పుడు బృందాన్ని ఆపి ఇద్దరినే మాట్లాడనివ్వాలో తెలిసిన చేయి వినబడుతుంది. అచ్చంగా దించడం నేర్చుకోవడానికి అవసరమే, విద్యార్థి చేయవలసిందే. కానీ మిచెల్ సోలోను మిచెల్ కాని మనిషి చేత అక్షరం తప్పకుండా వాయింపించడం మోర్టన్ పద్ధతికే విరుద్ధం. తన ముందున్న మనుషులను చూసి రాసినవాడాయన.

నేటి బృందాల్లో విన్స్ జియోర్డానో నైట్‌హాక్స్ అచ్చు అరేంజ్‌మెంట్ల మహా భాండాగారం, అయితే అది పెద్ద ఆర్కెస్ట్రా. షికాగోలో ఫ్యాట్ బేబీస్ బృందం పాత పాటలకు తమ కూర్పులు చేసుకుని సొంత పాటలూ కలిపింది. నాకు ఈ ప్రశ్నకు దగ్గరి జవాబులా వినిపించేది న్యూ ఆర్లియన్స్ వీధి బృందం ట్యూబా స్కిన్నీ. కార్నెట్ వాయించే షే కోన్ వాళ్ళ అరేంజ్‌మెంట్లకు మూలస్తంభం. వీళ్ళు ఎంచుకునే పాత పాటల్లో లవీ ఆస్టిన్ పేరు కనబడడం చూసి సంతోషించాను. వీళ్ళ సొంత పాటల్లో కూడా రెండు మూడు వరసలు, మధ్యలో శ్రుతి మార్పు, లెక్కగా పడే బ్రేకులు ఉంటాయి. ఒక్కొక్కరి సోలో పొట్టిది. ఒక్కోసారి అసలు ఉండదు. ఏ వాద్యకారుడూ మోర్టన్ మనుషులంత గొప్పవాడు కాకపోవచ్చు, కానీ బృందం ఒక్క మనిషిలా ఊపిరి పీలుస్తుంది.

ఇలా ఒక్క మనిషిలా వాయించగలగడం వెనకున్న కారణం సంగీతశాస్త్రం కన్నా జమాఖర్చులకు దగ్గర. మోర్టన్ రిహార్సళ్ళకు రావడానికి కూడా డబ్బిచ్చేవారని సిమియన్ చెప్పాడు. ఆ రోజుల్లో అది ఎరగని విషయం. మోర్టన్ పాటలు అమ్ముకునే మెల్‌రోజ్ ప్రచురణకర్తలు ఆ రికార్డుల మీద ఆశ పెట్టుకున్నారు కాబట్టి కుదిరింది. ఆలివర్ బృందానికి రిహార్సల్ లింకన్ గార్డెన్స్‌లో ప్రతి రాత్రీ జరిగే డాన్సే. నేడు ఏడుగురు ఒక సాయంత్రం కచేరీకి విడివిడిగా వచ్చి, ఆ ఒక్క రాత్రి పైకం పంచుకుని విడిపోయే పరిస్థితిలో కొత్త అరేంజ్‌మెంట్ సాధన చేసే గంటలకు డబ్బెవరిస్తారు? అందుకే తలా ఒక సోలో పద్ధతి గెలుస్తుంది, దానికి రిహార్సల్ అక్కర్లేదు. ట్యూబా స్కిన్నీ రాయల్ స్ట్రీట్‌లో పట్టపగలు టోపీ ముందు పెట్టుకుని గంటల తరబడి కలిసి వాయించి ఈ చిక్కు విప్పుకుంది: వీధే రిహార్సల్ గది, దారిన పోయేవాళ్ళు వేసే డబ్బే రిహార్సల్ జీతం.